పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: చిన్న విమానంలోంచి విశాఖను ఫొటో తీయాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: చిన్న విమానం ఎక్కి కింద ఊరినీ, తీరాన్నీ ఫొటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలి? ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

నేను పెళ్ళి ఫొటోలు తీస్తాను. బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా తీరమంతా పైనుంచి తీసి క్యాలెండర్ వేద్దామని ఉంది. గంట లెక్కన విమానం మాట్లాడుకుంటే సరిపోతుందా? – ఒక ఫొటోగ్రాఫర్, గాజువాక

సరిపోదు. విమానం మాట్లాడుకోవడం ఆఖర్న చేసే పని.

ఎగురుతున్న విమానంలోంచి ఫొటోలు తీయాలంటే డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్) నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలని 1937 నాటి విమాన నిబంధనల్లో 13వ నిబంధన చెబుతుంది. ప్రయాణికుల విమానంలో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌తో మబ్బుల్ని తీసుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి డీజీసీఏ షరతులతో వెసులుబాటు ఇచ్చింది, 2020 సెప్టెంబరులో ఆ మాట మళ్ళీ స్పష్టం చేసింది కూడా. ఫొటోల కోసమే విమానం మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళకి ఆ వెసులుబాటు వర్తిస్తుందనుకుంటే చిక్కుల్లో పడతారు.

విశాఖలో దీనికి తోడు నౌకాదళం ఉంది. మనం ఎయిర్‌పోర్టు అని పిలుచుకునేది నిజానికి ఐఎన్ఎస్ డేగ అనే నౌకాదళ వైమానిక స్థావరం. పౌర టెర్మినల్ అందులో ఒక భాగం. రన్‌వే మీదా, చుట్టుపక్కల ఆకాశం మీదా మాట నౌకాదళానిదే. తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన కేంద్రం, డాక్‌యార్డు, పోర్టు అన్నీ మీరు తీద్దామనుకుంటున్న తీరానికి దక్షిణపు కొసలోనే ఉన్నాయి. అందుకే దరఖాస్తు రాసేటప్పుడు ‘విశాఖ తీరమంతా’ అని రాయకండి. రుషికొండ దగ్గర మొదలుపెట్టి, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల మీదుగా గోస్తని సముద్రంలో కలిసే భీమిలి దాకా మ్యాపు మీద గీత గీసి, ఆ గీత కొసల అక్షాంశ రేఖాంశాలు రాయండి. క్యాలెండర్‌కి పన్నెండు ఫొటోలు ఆ ముక్కలోనే దొరుకుతాయి. ఆర్కే బీచ్ మీద ఆశ పడి గీతను దక్షిణానికి లాగితే ఫైలు మొత్తం నిలిచిపోవచ్చు.

దరఖాస్తులో ఉండాల్సినవి: ఫొటోలు దేనికి, ఏ ప్రాంతం, ఎంత ఎత్తు నుంచి, ఏ తేదీల మధ్య, ఏ విమానం, పైలట్ ఎవరు, ఫొటోలు తీసేది ఎవరు, కెమెరాలూ లెన్సులూ ఏవి. వాతావరణం మన మాట వినదు కాబట్టి ఒక్క తేదీ కాకుండా రెండు మూడు వారాల వ్యవధి అడగండి. రక్షణ శాఖ పరిశీలన కూడా దాటాలి. ఇది అలవాటున్న విమాన సంస్థ ద్వారా వెళ్తే సగం తిరుగుడు తగ్గుతుంది. ఆ సంస్థకి కిరాయికి విమానం తిప్పే అనుమతి ఉందో లేదో కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ప్రైవేటు కేటగిరీలో రిజిస్టరైన విమానంలో ‘పెట్రోలు డబ్బులు ఇచ్చెయ్యండి చాలు’ అని ఎవరైనా తీసుకెళ్తే అది కిరాయే అవుతుంది. చట్టం ఒప్పదు, బీమా రాదు.

ఎగిరే రోజున ఫ్లైట్ ప్లాన్, వైమానిక రక్షణ అనుమతి నంబరు, ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబరు పైలట్ తెచ్చుకుంటాడు. అవి మీ పని కాదు. కానీ అవి వచ్చేదాకా విమానం కదలదు కాబట్టి, ‘6:30కి వెలుతురు బాగుంటుంది, 6:25కి వస్తాను’ అంటే కుదరదు.

అనుమతి వచ్చేలోపు చేతులు కట్టుకు కూర్చోవాలా? – అదే ఉత్తరంలో

అక్కర్లేదు. విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు ఎక్కండి. కిటికీ పక్కన కూర్చుని, మోచేతులు దేనికీ ఆనించకుండా, కెమెరాను ఒంటికి దగ్గరగా పట్టుకుని లోయను తీయండి. ఒకే దృశ్యాన్ని 1/250, 1/500, 1/1000 దగ్గర మూడేసి చొప్పున తీసి, ఇంటికొచ్చాక నూరు శాతం పెద్దది చేసి చూడండి. మీ చేతికి ఎంత షట్టర్ స్పీడు కావాలో తేలిపోతుంది. సొరంగంలోంచి బయటపడగానే ఎక్స్‌పోజరు సర్దుకోవడం కూడా మంచి సాధనే. ఇంకో ఉదయం కైలాసగిరి ఎక్కి తీరం వైపు ఏటవాలుగా చూసి తీయండి. పైనుంచి చూస్తే దిగంతాన్ని ఫ్రేములో ఎక్కడ పెట్టాలి, ఎంత దూరానికి మసక కమ్ముతుంది అన్నవి డబ్బు ఖర్చు లేకుండా తెలుస్తాయి.

నా డ్రోను 249 గ్రాములే. దీన్ని ఆర్కే బీచ్‌లో ఎగరేసుకోవచ్చు కదా? – ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

కూడదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోనుకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ మినహాయింపు లైసెన్సు విషయంలోనే. రెడ్ జోన్, అంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు, దానికీ రెడ్ జోనే. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ డ్రోన్ మ్యాపులో మీరు నిలబడ్డ చోటు ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 – 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే.

అందరూ సెస్నా 172 అంటారు. దానికేంటి అంత ప్రత్యేకత? తక్కువ రెక్కల విమానం దొరికితే పనికిరాదా? హెలికాప్టరు మేలేమో? – ఇద్దరు మిత్రులు, అనకాపల్లి

172కి రెక్క మనుషుల తలకి పైన ఉంటుంది. కిందికి చూస్తే అడ్డం ఉండదు. రెక్క కింద ఉన్న విమానంలో కూర్చుంటే మీ ఫ్రేములో సగం తెల్ల రంగు రేకే. 1955లో మొదట ఎగిరి, 44,000కు పైగా తయారైన విమానం కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది, నడిపేవాళ్ళూ దొరుకుతారు. ఇంకో సుగుణం దాని కిటికీ. పైన కీలు ఉండి బయటికి తెరుచుకుంటుంది. మామూలుగా ఒక చిన్న కడ్డీ దాన్ని కొద్దిగా తెరుచుకోనిచ్చి ఆపేస్తుంది. ఆ కడ్డీ మరను తీసేస్తే గాలి ఊపుకి కిటికీ రెక్క అడుగుకి అంటుకుని ఎగిరినంతసేపూ అక్కడే ఉంటుంది. ఆ మర తీయాల్సింది లైసెన్సు ఉన్న ఇంజనీరే, మీ జేబులోని స్క్రూడ్రైవరు కాదు. పాత మోడళ్ళలో కుడి కిటికీ తెరుచుకోనివీ ఉన్నాయి. మీరు కూర్చునేది కుడివైపు కాబట్టి బేరం కుదుర్చుకునే ముందే అడగండి.

రెక్కకీ విమానం ఒంటికీ మధ్య ఏటవాలు కడ్డీ, స్ట్రట్ అంటారు, ఒకటి ఉంటుంది. కింద చక్రం కూడా ఉంటుంది. 35 మి.మీ. కన్నా వెడల్పు లెన్సు పెడితే ఈ రెండిట్లో ఏదో ఒకటి ఫ్రేములోకి దూరుతుంది. 24–70 లేదా 24–105 చాలు. పని ఎక్కువగా 50–100 మి.మీ. మధ్యే నడుస్తుంది. నాలుగు సీట్లున్నాయి కదా అని చుట్టాల్ని ఎక్కించకండి. ట్యాంకు నిండా ఇంధనంతో నలుగురు పెద్దవాళ్ళంటే బరువు మీరుతుంది. పైలట్, మీరు, కావాలంటే వెనక ఒక సహాయకుడు, అంతే.

హెలికాప్టరు గాల్లో నిలబడగలదు, తలుపులు తీసి ఎగరొచ్చు. రాబిన్సన్ ఆర్44 తలుపులు తీసినప్పుడు 100 నాట్లు (గంటకు 185 కిలోమీటర్లు) దాటకూడదు. కానీ గంట కిరాయి చాలా ఎక్కువ, వెడల్పు లెన్సులో పైన రోటరు రెక్కలు పడతాయి. మొదలుపెట్టేవాళ్ళకి మా సలహా 172 లేదా దాని తమ్ముడు 152.

ఒక ఫ్లయింగ్ స్కూలు విమానంలో అనుమతితో తీసిన మూడు వందల ఫొటోల్లో సగానికి పైగా మసక. లెన్సు మంచిదే. తప్పెక్కడ? – శిక్షణలో ఉన్న పైలట్, మధురవాడ

మసకలో రకాలున్నాయి. ఏ రకమో కనిపెట్టనిదే మందు లేదు. ఫొటోను నూరు శాతానికి పెంచి చూడండి.

చుక్కలన్నీ ఒకే దిక్కుకి గీతల్లా సాగి ఉంటే విమానం వేగం వల్లే. లెక్క చూడండి: 80 నాట్లంటే గంటకు 148 కిలోమీటర్లు, సెకనుకు 41 మీటర్లు. 1/1000 సెకనులో విమానం నాలుగు సెంటీమీటర్లు కదులుతుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి 50 మి.మీ. లెన్సుతో, 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేము కెమెరాలో ఒక పిక్సెల్ నేల మీద దాదాపు 3.7 సెంటీమీటర్లు. అంటే 1/1000 దగ్గర సాగుడు ఒక్క పిక్సెలే, కంటికి తెలియదు. 1/250 దగ్గర నాలుగు పిక్సెళ్ళు, స్పష్టంగా తెలుస్తుంది. ఎత్తు పెరిగితే ఈ బాధ తగ్గుతుంది, లెన్సు పొడవు పెరిగితే పెరుగుతుంది.

గీతలు రెండుగా చీలినట్టో, వంకర తిరిగినట్టో ఉంటే ఇంజను అదురు. మా అంచనాలో మొదటిసారి ఎక్కినవాళ్ళ ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. ఇంజను నిమిషానికి 2400 సార్లు తిరిగితే, నాలుగు సిలిండర్లలో సెకనుకు 80 పేలుళ్ళు. ఆ అదురు సీటులోకి, తలుపులోకి, కిటికీ అంచులోకి పాకుతుంది. హాయిగా మోచెయ్యి కిటికీ అంచు మీద ఆనించారా, అది మీ లెన్సులోకీ వచ్చేసింది. 50 మి.మీ. దగ్గర ఒక పిక్సెల్ అంటే డిగ్రీలో వందో వంతు కూడా లేని కోణం, అంత అదురు చాలు ఫొటో చెడడానికి. వీపు సీటుకి ఆనకుండా కాస్త ముందుకి జరిగి, మోచేతులు డొక్కలకి అదిమి, కెమెరా ముఖానికి గట్టిగా ఆనించి తీయండి. మీ ఒళ్ళే అదురును తాగేసే దూది.

ఒక మూల స్పష్టంగా, ఇంకో మూల మసకగా ఉండి, ఫొటో మొత్తం కాస్త ఆకుపచ్చగా ఉంటే మూసిన కిటికీలోంచి తీశారన్నమాట. అక్రిలిక్ పలక ఎంత తుడిచినా వంకర పలకే. కిటికీ తెరుచుకునే విమానమే ఎంచుకోండి. ఒకవేళ మూసే తీయాల్సొస్తే లెన్సును పలకకి అంగుళం దూరంలో నిటారుగా పెట్టి, తాకించకుండా, నల్ల చొక్కా వేసుకోండి. తెల్ల చొక్కా అద్దంలో కనిపిస్తుంది.

దగ్గరి రెక్క స్పష్టంగా ఉండి నేల మసకగా ఉంటే ఫోకస్ తప్పు. మబ్బుల నీడలో ఉన్న సముద్రం మీద ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. పైకెళ్ళాక దూరపు కొండ మీద ఒకసారి ఆటోఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఫోకస్ రింగు మీద గాఫర్ టేపు అంటించండి. జూమ్ రింగు కూడా గాలికి జరిగే రకమైతే దానికీ టేపే. మామూలు ప్లాస్టరు టేపు వాడితే ఎండకి జిగురు లెన్సు మీద మిగిలిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉండి దూరం మాత్రమే పాలిపోతే అది గాలిలోని మసక. దానికి కెమెరాలో మందు లేదు, వేరే రోజు వెళ్ళడమే.

ఇక సెట్టింగులు: మంచి ఎండలో ఐఎస్ఓ 200, ఎఫ్/5.6, 1/1600 దగ్గర మొదలుపెట్టండి. ఉదయపు వాలు వెలుతురులో ఐఎస్ఓ 400 లేదా 800కి వెళ్ళండి గానీ షట్టర్‌ని 1/1000 కిందికి దించకండి. అంతా అనంత దూరంలోనే ఉంది కాబట్టి ఎఫ్/11 పెట్టి సాధించేదేమీ లేదు, షట్టర్ స్పీడు పోగొట్టుకోవడం తప్ప. తీరం వెంబడి అలల నురుగు తెల్లగా పేలిపోతుంది, ఎక్స్‌పోజరు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి. రా (RAW) ఫైలే తీయండి. మూడేసి ఫొటోలు వరసగా వదలండి. మొదటిదానిలో వేలు నొక్కిన కుదుపు ఉంటుంది కాబట్టి, రెండోది బాగా వస్తుంది. స్టెబిలైజరు 1/1000 పైన ఆపేయడమే మాకు నచ్చుతుంది.

పోలరైజర్ ఫిల్టరు పెడితే సముద్రం నీలంగా వస్తుందా? – ఉత్తరం మీద ఊరు లేదు

నీలం వస్తుంది, కానీ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది. విమానం తిరిగినప్పుడల్లా ఫిల్టరు తిప్పాలి. అక్రిలిక్ కిటికీలోంచి అయితే ఇంద్రధనుస్సు చారలు పడతాయి. మొదటి పది గంటలూ ఇంట్లో పెట్టి వెళ్ళండి.

పైలట్‌కి ఏం చెప్పాలి? పైన ఏం మాట్లాడినా వినపడటం లేదంటున్నారు. – ఒక వీడియోగ్రాఫర్, సీతమ్మధార

వినపడదు. కిటికీ తెరిచాక హెడ్‌సెట్ మైకులో గాలి హోరు తప్ప ఏమీ ఉండదు. పైగా ఆ హోరు పైలట్ చెవిలోనూ మోగి, కంట్రోల్ టవరు మాట మింగేస్తుంది. మైకుకి నురుగు తొడుగు వేయండి, లేదా తీసేటప్పుడు నోటికి దూరంగా తిప్పేయండి. చెప్పాల్సినవన్నీ నేల మీదే, విమానం ఎక్కకముందు, మ్యాపు పరిచి చెప్పాలి. అరగంట పడుతుంది. ఆ అరగంటకి ఎవరూ బిల్లు వేయరు, పైన వృథా అయ్యే ప్రతి నిమిషానికీ వేస్తారు.

మ్యాపు మీద వరస రాయండి: ముందు ఏది, తర్వాత ఏది, ఒక్కోటి ఏ దిక్కు నుంచి, ఏ ఎత్తు నుంచి. వేగం 70–80 నాట్లు, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) పది డిగ్రీలు, ఇది చాలామంది పైలట్లకి సుఖంగా ఉండే అమరిక. తీరానికి సమాంతరంగా తిన్నగా వెళ్ళి, చివర్లో తిరిగి, మళ్ళీ తిన్నగా రావడం మొదటివాళ్ళకి మేలు. ఒకే కట్టడం చుట్టూ తిరిగే వృత్తాలు చూడ్డానికి బాగుంటాయి, కానీ ప్రమాదం అందులోనే పొంచి ఉంటుంది. 30 డిగ్రీలు వాలితే విమానం స్టాల్ అయ్యే (రెక్కలు గాలిలో నిలబెట్టలేక పట్టు తప్పే) వేగం 7 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీలకి 19 శాతం, 60కి 41 శాతం. నెమ్మదిగా, కిందగా, బాగా వాలి తిరుగుతూ పైలట్ కూడా మీతోపాటు కిందనున్న గుడినే చూస్తూ ఉంటే విమానాన్ని చూసేవాళ్ళు ఎవరూ లేరన్నమాట. అందుకే మాట ముందే అనుకోండి: 30 డిగ్రీలకి మించి వాలడం లేదు, కింద చూసేది మీరు, బయట చూసేది పైలట్. ఆయన ‘కుదరదు’ అంటే అక్కడితో ఆ ఫొటో సంగతి మర్చిపోండి, బతిమాలొద్దు.

ఎత్తు విషయంలో నిబంధన ఉంది. జనావాసాల మీద, విమానానికి 600 మీటర్ల వ్యాసార్ధంలోని అన్నిటికన్నా ఎత్తయిన అడ్డంకి పైన కనీసం వెయ్యి అడుగులు. మిగతా చోట్ల 500. ఏటవాలు ఫొటోలకి ఎలాగూ 1000–1500 అడుగులే బాగుంటుంది, ఇంకా కిందికి దిగితే దృశ్యం పరుగెత్తిపోతుంది.

సముద్రం మీద ఇంకో లెక్క. ఇంజను ఆగితే 172 గాలి లేనప్పుడు ఎత్తుకి సుమారు తొమ్మిది రెట్ల దూరం జారగలదు. 1500 అడుగుల నుంచి నాలుగు కిలోమీటర్లు. ఎదురుగాలి, తిరగడానికి పోయే ఎత్తు తీసేస్తే తీరానికి రెండు కిలోమీటర్ల లోపే ఉండండి. లైఫ్ జాకెట్ తొడుక్కునే ఎక్కాలి, కానీ గాలి నింపేది బయటపడ్డాకే. లోపల నింపితే కిటికీలోంచి దూరలేరు. ఫిషింగ్ హార్బర్ మీదా, చెత్త పోగుల మీదా గద్దలు తిరుగుతుంటాయి, ఆ దారి పైలట్‌తో ముందే తప్పించుకోండి.

చేతి సైగలు నాలుగు చాలు: అరచెయ్యి పైకెత్తితే రెక్క ఎత్తమని, చూపుడువేలు గుండ్రంగా తిప్పితే మళ్ళీ ఒక చుట్టు, పిడికిలి బిగిస్తే ఇలాగే పట్టుకోమని, బొటనవేలు చూపిస్తే ఇక్కడ అయిపోయిందని. ‘కాస్త అటు’ అన్న మాటకి గాల్లో అర్థం లేదు. గడియారం లెక్కన ‘మూడు గంటల దిక్కు’ అంటే విమానానికి సరిగ్గా కుడి పక్క.

ఊడిపోయే వస్తువేదీ మీ దగ్గర ఉండకూడదు. లెన్సు హుడ్ తీసేయండి, గాలి దాన్ని పట్టి లాగుతుంది. మూతలు, కళ్ళజోడు, టోపీ, చొక్కా జేబులో పెన్ను అన్నీ కిందే వదిలేయండి. జారిన మూత తోక రెక్కకి తగిలితే అది చిన్న విషయం కాదు. కెమెరాకి మెడపట్టీ, దానికి తోడు మణికట్టుకి ఇంకో పట్టీ. లెన్సులు పైన మార్చొద్దు. రెండు కెమెరాలుంటే రెండిటికీ రెండు లెన్సులు కిందే బిగించుకోండి. కొత్త బ్యాటరీ, ఖాళీ కార్డు. కెమెరా గడియారం ఫోన్ జీపీఎస్ సమయంతో సరిచూసుకుంటే, ఏ ఫొటో ఎక్కడ తీశారో తర్వాత తేలిగ్గా పోల్చుకోవచ్చు.

వ్యూఫైండర్‌లో చూస్తుంటే కడుపులో తిప్పుతుంది. – ఒక పాఠకురాలు, కంచరపాలెం

కన్ను నిలకడగా ఉన్న చిన్న పెట్టెను చూస్తుంటే చెవి లోపలి భాగం విమానం తిరుగుతోందని చెబుతుంది, ఆ గొడవే వాంతి. ఐదారు ఫొటోలు తీయగానే కెమెరా దించి దిగంతం వైపు చూడండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, రెండు ఇడ్లీలు చాలు. అల్లం మురబ్బా కొందరికి పనిచేస్తుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టరుని అడిగి, ముందు ఒకరోజు ఇంట్లో వేసుకుని చూడండి. కొన్ని మాత్రలకి బాగా మత్తు వస్తుంది. కవరు మాత్రం చేతికందేలా ఉండాలి, సంచి అడుగున కాదు.

విశాఖ తీరానికి ఏ నెల, ఏ వేళ మంచిది? నవంబరులో ఒకరు తీసినవి అద్దంలా ఉన్నాయి, ఫిబ్రవరివి పాలు పోసినట్టున్నాయి. – ఒక టీచరు, భీమిలి

మీరే జవాబు రాసేశారు. వానలు వెనకపట్టాక, వాయుగుండం దాటిన మర్నాడో ఆ మర్నాడో గాలి కడిగినట్టుంటుంది. అక్టోబరు, నవంబరులో అలాంటి రోజు కోసం బ్యాగు సర్దుకుని కూర్చోవాలి. చలికాలం చివర్లో ఉదయాన్నే నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. విశాఖ ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ మధ్య గిన్నెలా ఉంది కాబట్టి, పొగ ఆ మూత కింద చిక్కుకుంటుంది. అప్పుడు కొంచెం పొద్దెక్కనివ్వాలి. మరీ ఆలస్యమైతే సముద్రపు గాలి మొదలై, కొండల దగ్గర కుదుపులు పెరుగుతాయి.

వెలుతురు దిక్కు మీద మాత్రం జనం పొరబడతారు. ‘తూర్పు తీరం కదా, ఉదయమే మంచిది’ అంటారు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయానికి దగ్గరగా లేస్తాడు. సముద్రం మీదనుంచి ఊరిని చూస్తే వెలుతురు మీ వీపు వెనకనుంచి వెళ్ళి కట్టడాల ముఖం మీద తిన్నగా పడుతుంది. రంగులుంటాయి, నీడలుండవు, ఎత్తుపల్లాలు చదునైపోతాయి. అదే డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర, నాలుగింటికి సూర్యుడు నైరుతిలో ఉండి తీరం పొడవునా పక్కనుంచి వెలుతురు వేస్తాడు. ప్రతి అలకీ, ప్రతి తాటిచెట్టుకీ నీడ పడుతుంది. ఎర్రమట్టి దిబ్బల వాగుగట్లు తీయాలంటే ఈ వాలు వెలుతురే కావాలి, నడినెత్తిన ఎండ ఉంటే అవి ఎర్ర దుప్పటిలా కనిపిస్తాయి. జూన్‌లో తెల్లవారుజామున 5:20 ప్రాంతంలో సూర్యుడు ఈశాన్యం వైపు లేచి అదే పక్క వెలుతురు ఇస్తాడు, కానీ అప్పటికి మబ్బులు మొదలవుతాయి. చీకటి అంచుల్లో తీద్దామని ఆశపడకండి. కంటిచూపుతో నడిపే విమానాలకి మామూలుగా సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల దాకే వీలు.

కంప్యూటరులో మసక తగ్గించే మీట ఉంటుంది కదా అని కూడా అడిగారు. కొంచెం వాడండి, ముందు నీలి ఛాయను వైట్ బ్యాలెన్సుతో తగ్గించాకే. మోతాదు మించితే ఆకాశంలో మచ్చలు తేలతాయి. అచ్చుకిచ్చే ముందు ప్రతి ఫొటో మూలమూలలా పెద్దది చేసి చూడండి. దూరంగా నిలబడ్డ యుద్ధనౌకో, రాడారో పడి ఉంటే ఆ ఫొటో పక్కన పెట్టేయండి.

పద్మనాభం దగ్గర 40 ఎకరాల లేఅవుట్‌కి తిన్నగా కిందికి చూసే మ్యాపు ఫొటోలు కావాలి. విమానం పెట్టుకోవచ్చా? – ఒక సివిల్ ఇంజనీరు

40 ఎకరాలంటే 16 హెక్టార్లు. దానికి విమానం దండగ, జోన్ అనుమతిస్తే డ్రోనే సరి. వందల హెక్టార్లు దాటితేనే విమానం గిట్టుబాటవుతుంది. లెక్క తెలుసుకోండి, రేపు పనికొస్తుంది. 600 మీటర్ల ఎత్తు, 50 మి.మీ. లెన్సు, ఫుల్ ఫ్రేము అయితే ఒక్కో ఫొటోలో నేల 432 మీటర్ల వెడల్పు, ప్రయాణ దిక్కున 288 మీటర్లు పడుతుంది. వరస ఫొటోలు 60 శాతం ఒకదాని మీద ఒకటి రావాలంటే 115 మీటర్లకి ఒకటి, అంటే సెకనుకు 41 మీటర్ల వేగంలో 2.8 సెకన్లకి ఒకటి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు 80 శాతం ఉంటే సంతోషిస్తాయి, అప్పుడు 1.4 సెకన్లకి. పక్క వరసల మధ్య 280 మీటర్లు ఉంచితే మూడో వంతుకు పైగా కలుస్తాయి. చాలామంది మర్చిపోయేది గాలి: వెనకనుంచి 15 నాట్ల గాలి ఉంటే నేల మీద వేగం 95 నాట్లకి పెరుగుతుంది, 2.8 సెకన్లు కాస్తా 2.35కి తగ్గించాలి. లేకపోతే వెళ్ళేటప్పుడు ఫొటోలు కావలసినంత కలవవు, వచ్చేటప్పుడు వృథా ఫొటోలు. కెమెరా నేలకి గురిపెట్టి బిగించడానికి విమానం అడుగున రంధ్రం కావాలి, దానికి ఆమోదం పొందిన మార్పు ఉన్న విమానమే వెతకాలి.

విమానానికి డబ్బుల్లేవు. గాలిపటానికి కెమెరా కట్టి మా బడి పిల్లలకి చూపించొచ్చా? – ఒక సైన్సు మాస్టారు, ఆనందపురం

మంచి ఆలోచన, పాతది కూడా. ఫ్రాన్సులో ఆర్థర్ బట్యూ 1888లోనే గాలిపటంతో ఫొటోలు తీశాడు. 1906 భూకంపం తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోను జార్జ్ లారెన్స్ వరసగా కట్టిన గాలిపటాలతో 2000 అడుగుల నుంచి తీశాడు. ఒక చిక్కుంది మాస్టారూ, 2025లో కొత్త చట్టం వచ్చేదాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టం నిర్వచనంలోనే గాలిపటం కూడా విమానమే. కాబట్టి కెమెరా కట్టే ముందు స్థానిక పోలీసులకి రాసి అడగండి. నౌకాదళ ప్రాంతాలకీ, ఎయిర్‌పోర్టుకీ, కరెంటు తీగలకీ దూరంగా ఖాళీ మైదానం చూసుకోండి.

ఆరడుగుల ఎత్తున్న ఆరుమూలల రొక్కాకు గాలిపటం 150 గ్రాముల యాక్షన్ కెమెరాను మోస్తుంది. గాలి గంటకు 12–25 కిలోమీటర్ల మధ్య ఉండాలి, చెట్ల చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే సరిపోతుంది. విదేశీ పుస్తకాల్లో పాలియెస్టర్ దారం వాడమంటారు, ఇక్కడ వద్దు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గాలిపటాలకి నైలాన్, సింథటిక్ దారాలు నిషేధించింది. మందపాటి పేనిన నూలు తాడే వాడండి. గాలిపటం ఎగరేసి స్ప్రింగు కాటాతో లాగుడు ఎంతో చూసి, దానికి ఐదు రెట్లు మోసే తాడు తీసుకోండి. నూలు తడిస్తే బరువెక్కుతుంది, మంచు పడ్డ ఉదయం వద్దు.

కెమెరాను గాలిపటానికి కట్టొద్దు. తాడుకే, గాలిపటానికి పాతిక ముప్పై మీటర్ల కింద వేలాడదీయాలి, లేకపోతే గాలిపటం ఊగినప్పుడల్లా కెమెరా ఊగుతుంది. రెండు సన్నటి వెదురు పుల్లలు అడ్డంగా కట్టి, నాలుగు కొసలకీ చిన్న రింగులు పెట్టి, ఒకే పొడవాటి దారాన్ని ఆ రింగుల్లోంచి, తాడు మీద అడుగున్నర దూరంలో ఉన్న రెండు కొక్కేల్లోంచి తిప్పి ముడివేస్తే, తాడు ఎంత వాలినా ఆ అడ్డపుల్లలు నేలకి సమంగా సర్దుకుంటాయి. కెమెరా దాని అడుగున. రెండు సెకన్లకి ఒక ఫొటో పెట్టి వదలండి. గాలిపటం ముప్పై మీటర్ల ఎత్తులో ఐదు నిమిషాలు కదలకుండా నిలిచాకే కెమెరా తగిలించండి, లాగేవాళ్ళ చేతికి తోలు తొడుగులు ఉండాలి, తాడు కొసని పిల్లల చేతికివ్వకుండా భూమిలో పాతిన గుంజకి కట్టండి.